అప్పారావు గుడ్డ

మా జ్ఞానమ్మ దొడ్డమ్మ చుట్ట తాగుతుంది. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. ఆవిడ గురించి ఎక్కడ మొదలుపెట్టినా వినేవాళ్లు మధ్యలో అడ్డొచ్చి "అవునుగానీ, చుట్ట తాగుతుందటగా" అంటారు. అన్నాక ఇక వినరు. పెదవి విరిచి, తీర్పు చెప్పేసి లేచిపోతారు. తాగుతుందండీ. లంక పొగాకు తెప్పించుకుని తనే చుట్టుకుంటుంది. వాళ్లమ్మ తాగింది, వాళ్ల నాయనమ్మ నిప్పు నోట్లో పెట్టుకుని మరీ తాగింది. అది మంచిదని నేననను. నేను పనిచేసేది క్యాన్సరు ముక్కల్ని పరీక్షించే ల్యాబులో. పొగాకు మనిషిని ఏం చేస్తుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఒక తప్పు చేసిన మనిషి దొరికింది కదా అని కనబడ్డ తప్పులన్నీ ఆ మనిషి నెత్తిన పెట్టేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడకు నాకంటే ఎక్కువ మండింది.

నా పేరు శాంతి. మాది ముక్తేశ్వరం దగ్గర పల్లె. మా అమ్మా జ్ఞానమ్మా ఒక కడుపున పుట్టిన వాళ్లు కారు. ఒకే కొబ్బరి గుట్ట ముందు పక్కపక్కన కూర్చుని ముప్ఫై ఏళ్లు కాయ ఒలిచారు. అంతకంటే దగ్గరి బంధుత్వం నాకు తెలీదు, అందుకే దొడ్డమ్మ అంటాను. చర్చిలో మొదటి వరసలో కూర్చునేది. పాట ఎత్తుకుంటే గోదావరి అవతలికి వినిపించేది. ఎవరినైనా మొహం మీదే అడిగేసేది. నన్ను ఇంటరు మాన్పించి పెళ్లి చేసేద్దామని మా నాన్న అనుకున్నప్పుడు గుమ్మంలో నిలబడి, "పిల్ల చదువుతానంటుంటే నీకేం తొందరయ్యా, పెళ్లికొడుకు వాడిపోతున్నాడా?" అని అడిగింది. ఇవాళ నేను కాకినాడలో తెల్లకోటు వేసుకుని తిరుగుతున్నానంటే అందులో ఆ మాట కూడా ఉంది.

మా వైపు కురిడీ కొబ్బరి అంటే తెలియనివాళ్లు ఉండరు. పండిన కాయల్ని అటక మీద పోసి, నెలల తరబడి కదపకుండా ఉంచుతారు. లోపల నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను విడిచి గలగల్లాడే దాకా ఆగాలి. వానాకాలం చెమ్మకు కాయ కుళ్లిపోకుండా అటక కింద కొబ్బరి డొక్కలు రాజేసి పొగ పెడతారు. ఆ పొగే ఒకోసారి మంటయ్యేది. ఎండిన వెదురు, ఎండిన కాయ, ఇక అంటుకుందంటే ఏడాది కష్టం బూడిదే. దొడ్డమ్మ పెళ్లైన కొత్తలో వరసగా అటకలు తగలబడ్డాయట.

దొడ్డమ్మ మొగుడు అప్పారావు అప్పటికే గల్ఫుకు వెళ్లిన మనిషి. అక్కడ పెద్దపెద్ద గొట్టాలకు వేడి బయటికి పోకుండా గుడ్డ చుట్టే పని. తెల్లటి మందపాటి గుడ్డ, ముట్టుకుంటే గరుగ్గా ఉంటుంది. సెలవు మీద వచ్చినప్పుడు ఒక తాను మోసుకొచ్చి, రామ్మూర్తిగారి వాకిట్లో ఊరందరి ముందూ దాన్ని పరిచి, మీద నిప్పులు పోశాడట. గుడ్డ కాలలేదు, కమలను కూడా లేదు. జనం నోళ్లు వెళ్లబెట్టారు. రామ్మూర్తిగారివి ఊళ్లోకల్లా పెద్ద కురిడీ అటకలు. పొగ పెట్టే చోటికి సూటిగా పైన, అటక కిందుగా ఆ గుడ్డ కట్టించారు. ఆ తర్వాత అందరికీ కావాలి. అప్పారావు వచ్చినప్పుడల్లా ఒక తాను తెచ్చేవాడు, అడిగినవాళ్లకు కోసిచ్చేవాడు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. మా ఊళ్లో అటక తగలబడటం ఆగిపోయింది. ఆ గుడ్డకు అప్పారావు గుడ్డ అనే పేరొచ్చింది. పేట మనిషి పేరు పెద్దవాళ్ల ఇళ్లలో గౌరవంగా వినబడటం అదే మొదలని మా నాన్న చెప్పేవాడు.

గుడ్డకు ఏడాదంతా మసి పడుతుంది. కొత్త కాయ ఎక్కించే ముందు, తొలకరికి కాస్త ముందుగా, దాన్ని విప్పి కిందికి దించి, వాకిట్లో కొబ్బరి దుంగ మీద వేసి కర్రతో బాది మసి దులపాలి. మొగుడు తెచ్చిన గుడ్డ కాబట్టి ఆ పని దొడ్డమ్మదని ఎవరో అన్నారు. ఆవిడా అది తన హక్కే అనుకుంది. ఊళ్లో అటకలన్నిటి గుడ్డలూ తనే బాదేది. మసి నల్లగా లేచి, దాని వెనక తెల్లటి నూగు లేచేది. చిన్నప్పుడు ఆ నూగు ఎండలో మెరుస్తుంటే నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. పని అయ్యాక దొడ్డమ్మ తల నెరిసినట్టు ఉండేది. "చూడవే, ఒక్క పూటలో ముసల్దాన్నైపోయేను" అని నవ్వేది.

అప్పారావు పెదనాన్న కరోనాకు ముందు ఏడు గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత రెండేళ్లకు దొడ్డమ్మకు ఆయాసం మొదలైంది. కర్ర ఎత్తలేక ఆ పని కోడలు బేబికి వదిలింది. కొడుకు ప్రవీణ్ కుమార్ ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు. జీతం అంతంతమాత్రం. అందుకని బేబి సీజనులో రామ్మూర్తిగారి అటకలకు పనికి వెళ్తుంది. అత్తగారి కర్ర కోడలి చేతికొచ్చిందని పేటలో అందరూ వేళాకోళం చేశారు.

కిందటేడు చలికాలంలో దొడ్డమ్మకు కుడివైపు రొమ్ములో, ఊపిరితిత్తి చుట్టూ, నీరు పట్టింది. అమలాపురంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు మొట్టమొదట అడిగింది చుట్ట తాగుతావా అని. తాగుతానంది. ఆయన ఇంకేమీ అడగలేదు. నీరు తీశారు, ఊపిరితిత్తి మీది పొరలోంచి చిన్న ముక్క కోశారు. క్యాన్సరు అన్నారు. ఊపిరితిత్తిలో పుట్టి పైపొరకు పాకింది, ఇన్నేళ్ల పొగ ఊరికే పోతుందా అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. రోజూ అలాంటివాళ్లను చూస్తాడు, పదిమందిలో తొమ్మిదిమందికి ఆయన మాటే నిజమవుతుంది. మా దొడ్డమ్మ ఆ పదో మనిషి. వచ్చిన చిక్కల్లా అదే.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు బాధ. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ జబ్బు గురించి ఒక మాట, చుట్ట గురించి పది మాటలు. ప్రవీణ్ అయితే తల్లి పక్కన కూర్చోవడమే మానేశాడు. మేం చెప్పినప్పుడే విని ఉంటే అని గోడతో చెప్పినట్టు చెప్పేవాడు. పాస్టరు జ్ఞానప్రకాశం గారు మెత్తటి మనిషి. ఆయన కూడా ప్రార్థనలో, మా సహోదరి చేజేతులా తెచ్చుకున్న బలహీనత అన్నాడు. ఆ మాట దొడ్డమ్మకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు నాకు ఫోను చేసింది. మాటకూ మాటకూ మధ్య ఆయాసం. అయినా గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది.

"అమ్మాయ్, అది ఊపిరితిత్తిలోనే పుట్టిందని ఎవరు చూసేరు? నా చుట్టని చూసేరు గానీ నా రోగాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. నువ్వక్కడ చేసేది ఇదే పనంటావు కదా. చూడు."

నాకు మొదట విసుగొచ్చింది. చుట్ట తాగే మనిషి చుట్ట కాదని దబాయిస్తే నమ్మడం కష్టం. మా నాయనమ్మ తాగి తొంభై ఏళ్లు బతికిందని ఆవిడ చెప్పిన రుజువు రుజువే కాదు, ఆ మాటే అన్నాను కూడా. అయినా స్కాను పంపమన్నాను. మా పెథాలజిస్టు డాక్టర్ లక్ష్మీదుర్గ గారికి చూపించాను. మేడం చాలాసేపు చూశారు. ఊపిరితిత్తి లోపల గడ్డంటూ ఏదీ కనబడటం లేదని, దాని చుట్టూ పొరే బత్తాయి తొక్కలా మందంగా పెరిగిందని అన్నారు. కోసిన ముక్కను మైనంలో పోసి ఉంచుతారు కదా, ఆ మైనం బిళ్ల తెప్పించమన్నారు.

బిళ్ల కోసం దొడ్డమ్మే అమలాపురం వెళ్లింది. బేబి తోడు వెళ్లింది. డాక్టరుగారు ఇవ్వనని అనలేదు. కాకపోతే ఓపిగ్గా ఒక సంగతి చెప్పాడట. అది ఈ క్యాన్సరైనా ఆ క్యాన్సరైనా ఎక్కించే మందు ఇంచుమించు ఒకటే, ఈ వయసులో ఇంకో పరీక్షంటూ తిరగడం దేనికమ్మా అని. దొడ్డమ్మ ఏమందో బేబి నాకు బస్సు దిగగానే చెప్పింది.

"మందు ఒకటే అయితే అవనీండి బాబుగారూ. తప్పు ఒకటి కాదు కదండి."

బేబి ఆ బిళ్లను రుమాల్లో చుట్టి, హ్యాండుబ్యాగులో పెట్టి, కాకినాడ దాకా బ్యాగును ఒళ్లోంచి దించకుండా తెచ్చింది. అగ్గిపెట్టెలో పట్టేంత బిళ్ల అది. అత్తయ్య గుండెలోది ఇదేనా వదినా అని అడిగింది. గుండెది కాదు, ఊపిరితిత్తి మీది పొరది అన్నాను. బిళ్లను రుమాలుతో సహా అందుకున్నాను.

మా పని కొంచెం చెప్పాలి. ఇది తెలియకపోతే ఆవిడ గెలిచింది దేనితోనో తెలియదు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఊపిరితిత్తి క్యాన్సరు, దాని పైపొరకు వచ్చే క్యాన్సరు ఒక్కోసారి కవలపిల్లల్లా ఉంటాయి. ఈ పొర జబ్బును మీసోథెలియోమా అంటారు. మొహం చూసి పోల్చలేం. కానీ ఏ కణమైనా తాను పుట్టిన చోటికి తగ్గ ప్రోటీన్లు కొన్ని తనలో దాచుకుంటుంది. ఎక్కడికి పాకినా అవి చాలావరకు వదలవు, ఊరు మారినా మనిషి ఇంటిపేరు మారనట్టు. మేం చేసేది ఆ ఇంటిపేరు అడగడం. మైనం బిళ్లను ఉల్లిపొర కంటే పలచగా కోసి గాజుపలకల మీద అతికిస్తాం. ఒక్కో పలక మీద ఒక్కో ప్రోటీనును వెతికి పట్టుకునే మందు వేస్తాం. ఆ ప్రోటీను ఉంటే అక్కడ గోధుమరంగు తేలుతుంది, లేకపోతే నీలంగానే మిగిలిపోతుంది. దాక్కున్న ప్రోటీన్లు బయటపడాలంటే ముందు పలకల్ని ఉడికించాలి. మా ల్యాబులో దానికి వాడేది మామూలు ప్రెషర్ కుక్కరే. కొత్తగా చేరినవాళ్లు దాని విజిలు విని భోజనం సిద్ధమవుతోందనుకుంటారు.

మొదట ఊపిరితిత్తి ప్రోటీను కోసం టీటీఎఫ్ వన్ వేశాం. పలక అంతా నీలం. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మేడం నన్ను కూర్చోబెట్టి చీవాట్లు పెట్టారు. ఊపిరితిత్తి క్యాన్సర్లలో కూడా అది చూపించనివి ఉంటాయని, లేదన్న సాక్ష్యంతో సరిపోదని, ఉందన్న సాక్ష్యం కావాలని చెప్పారు. అలాగని ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ ఉరి తియ్యకూడదట. అటు వైపు కనీసం ఇద్దరు, ఇటు వైపు ఇద్దరు, అందరి మాటా ఒకటవ్వాలి. మీ దొడ్డమ్మ అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి అన్నారు. నేను సిగ్గుపడ్డాను, ఆవిడ మాట గెలవాలని నేనెంత కోరుకుంటున్నానో అప్పుడే నాకు తెలిసింది.

మళ్లీ కోశాం, మళ్లీ ఉడికించాం. ఊపిరితిత్తి వైపు చూపించే సీఈఏ, క్లాడిన్ ఫోర్ వేస్తే రెండూ నీలమే. మందు పనిచేస్తోందా లేదా చూడటానికి పక్కన పెట్టిన వేరే పలకలు మాత్రం చక్కగా గోధుమరంగు తేలాయి, అంటే మందులో లోపం లేదు. పొర వైపు చూపించే కాల్‌రెటినిన్ వేశాం. గోధుమరంగు కణం కణానా, నడిమధ్య కేంద్రకంలో కూడా చిక్కగా నిండిపోయింది. డబ్ల్యూటీ వన్ కూడా అంతే. మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇది ఊపిరితిత్తిది కాదు, పొరలో పుట్టిందే, చుట్టకు దీనితో సంబంధం లేదు అన్నారు. వెంటనే ఇంకో ప్రశ్న అడిగారు, వాళ్లింట్లో ఎవరైనా ఆస్బెస్టాస్ పని చేశారా అని. ఆస్బెస్టాస్ అంటే రాతినార, దాని దుమ్ము పీల్చినవాళ్లకు ముప్ఫై నలభై ఏళ్ల తర్వాత ఈ జబ్బు వస్తుందట.

నాకు వెంటనే వెలగలేదు. ఆవిడ కాయ ఒలిచే మనిషండీ, ఫ్యాక్టరీ మొహం చూడలేదు అన్నాను. గ్లౌజులు విప్పి చేతులు కడుక్కుంటుంటే ఎండలో మెరిసే ఆ నూగు కళ్ల ముందుకొచ్చింది. ఆ కర్ర ఇప్పుడు బేబి చేతిలో ఉంది.

శనివారం నేనే ఊరెళ్లాను. దొడ్డమ్మ మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉంది. నీ మాటే నిజం, చుట్ట కాదు అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది, బేబిని పిలిచి టీ పెట్టమంది. ఆ వెలుగు ఆర్పబోయేది నేనే. ఇది అంతకంటే తేలికైన జబ్బేమీ కాదని ముందు చెప్పాను. అది నాకెప్పుడో తెలుసులేవే అంది. అప్పుడు గుడ్డ సంగతి, అది నేసింది రాతినారతోనని, చెప్పాను. గోడ మీద ఉన్న పెదనాన్న ఫోటో వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఆయన గుడ్డేనా?" అంది చివరికి.

ఆ ఒక్క మాటలో ఎంత దుఃఖం ఉందో నేను రాయలేను. ఆవిడ జీవితంలో గర్వంగా చెప్పుకున్నవి రెండే. ఒకటి తన గొంతు, రెండోది ఆ గుడ్డ. జబ్బు గొంతును అప్పటికే తీసుకుపోయింది.

ప్రవీణ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అతను చెడ్డవాడు కాదు, తండ్రంటే ప్రాణం. ఈ సంగతి ఇంట్లోనే ఉండనిద్దాం అన్నాడు. చనిపోయిన మనిషి పేరు ఊరంతా బురదలో వేస్తారు, గల్ఫు నుంచి చావు మోసుకొచ్చాడంటారు, బేబిని పనికి పంపకుండా ఉంటే సరిపోతుంది కదా, చుట్ట అనే అనుకోనీ అన్నాడు. దొడ్డమ్మ మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించింది.

"చుట్ట నా పేరు చెడగొడుతుంటే మీకెవరికీ నొప్పి లేదేంట్రా? బేబి వెళ్లకపోతే ఇంకొకత్తి వెళ్తుంది. దాని పొర మాత్రం పొర కాదేంటి?"

తొలకరి దగ్గరపడింది. సోమవారం గుడ్డలు దించి బాదడానికి రామ్మూర్తిగారి ఇంటి నుంచి అప్పటికే కబురొచ్చింది. బేబితో పాటు పేటలో ఇంకో నలుగురు ఆడవాళ్లు వెళ్లాలి. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం.

మా చర్చిలో వాక్యం అయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటి ఉంటుంది. ఎవరికి ఏం మేలు జరిగిందో, ఎవరు ఏ చెడు అలవాటు విడిచిపెట్టారో లేచి చెప్పుకుంటారు. బేబి భుజం పట్టుకుని దొడ్డమ్మ లోపలికి రావడం చూసి అందరి మొహాలూ మెత్తబడ్డాయి. చుట్ట మానేశానని చెప్పడానికి వచ్చిందనుకున్నారు. జ్ఞానప్రకాశం గారు స్వయంగా దిగివచ్చి మైకు చేతికిచ్చాడు.

"వందనాలండి అందరికీ. చుట్ట మానేశానని చెప్తానని కూర్చున్నారు. మానలేదండి. నా రొమ్ములో ఉన్నది చుట్ట జబ్బు కాదంట. మా ఆయన తెచ్చిన గుడ్డ ఉంది చూడండి, అది బాదితే లేచిన దుమ్ము జబ్బంట. ఆయన మంచికే తెచ్చేరు. ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక కూడా బాదితే, అదండి చేజేతులా తెచ్చుకోడం అంటే. రేపు ఆ అటక ఎవరూ ఎక్కకండి."

అంత మాట్లాడేసరికి ఊపిరి అందక బల్ల మీద కూలబడిపోయింది. ఎవరూ ఆమెన్ అనలేదు. ప్రవీణ్ లేచి బయటికి వెళ్లిపోయాడు. జ్ఞానప్రకాశం గారు తల వంచుకుని, ఆ ప్రార్థనలో నేనన్న మాటకు నన్ను క్షమించమ్మా అని మైకు లేకుండా అన్నాడు. ముందు వరసలో ఉన్నవాళ్లకు వినబడింది.

సాయంత్రానికి ఆ మాటలు రామ్మూర్తిగారి చెవిన పడ్డాయి. ఆయన నవ్వి కొట్టిపారేశాడు. రోగమొస్తే మనిషికి ఎన్నో తోస్తాయన్నాడు. పేటవాళ్లు రాకపోతే పొరుగూరి నుంచి కూలీలను పిలిపిస్తానన్నాడు. అన్నట్టే పిలిపించాడు. సోమవారం పొద్దున ఆ కూలీలు వచ్చేసరికి అటక నిచ్చెన కింది మెట్టు మీద మా దొడ్డమ్మ కూర్చుని ఉంది. చేతిలో చుట్ట ఉంది, వెలిగించలేదు. వద్దంటే వినదు కదా అని బేబీ, నేనూ చెరో పక్కా నిలబడ్డాం. వాకిలి నిండా కొత్త కాయ గుట్ట, పైన మబ్బు. ఆ కాయ అటకెక్కాలంటే ముందు గుడ్డ దిగాలి.

రామ్మూర్తిగారు మడతకుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు. ఆ కుర్చీ ఎప్పుడూ అటక నీడలోనే ఉంటుంది, ఆయన పొద్దు గడిపేది అక్కడే. నిచ్చెన వదలమని మర్యాదగానే అడిగాడు. వదలనంది. ఆయనకు కోపం వచ్చింది.

"నలభై ఏళ్ల నుంచీ ఉన్న గుడ్డ జ్ఞానమ్మా. ఇన్నేళ్లలో ఒక్క మనిషి చచ్చేడా దాని వల్ల?"

"చస్తున్నానండి. చూడండి."

పొరుగూరి ఆడవాళ్లు గంపలు దించేశారు. దొడ్డమ్మే మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి గొంతు తగ్గించి. నా కోసం రాలేదండి, నాకైపోయింది అంది. కింద పొగ పెడితే పైన గుడ్డ అల్లాడుతుంది, మసితో పాటు ఏం రాలుతుందో ఇన్నాళ్లూ మనకు తెలీదు, అది రాలేచోటే తమరు కుర్చీ వేసుక్కూర్చుంటారు, తమరి మనవలు అక్కడే ఆడుకుంటారు అని చెప్పింది. అంత పెద్ద మనిషి తల ఎత్తి పైకి చూశాడు. అటక కింద ఆ గుడ్డ మసి పట్టి నల్లగా, చిరుగుల దగ్గర తెల్లగా, పీచులు వేలాడుతూ ఉంది. ఆయన లేచాడు. తన కుర్చీ తనే మడిచి, ఎత్తుకుని, వాకిలి అవతల కొబ్బరిచెట్టు దగ్గరికి పట్టుకెళ్లి వేసుకున్నాడు. అక్కడి నుంచి, ఎలా తియ్యాలో మీ మేడంగారిని అడుగమ్మా అని నాతో అన్నాడు.

మేడం అడిగి కనుక్కుని, అలాంటి పని తెలిసిన మనుషులను పంపించారు. వాళ్లు మూతులకు గట్టి మాస్కులు కట్టుకుని, గుడ్డను నీళ్లతో బాగా తడిపి, దుమ్ము లేవకుండా దించి, మందపాటి ప్లాస్టిక్కులో చుట్టి సీలు వేశారు. ఇదంతా అవడానికి పట్టిన నాలుగు రోజుల్లో వాన కురిసి కాయ కొంత పాడైంది. రామ్మూర్తిగారు దాని గురించి ఎత్తలేదు. మిగతా అటకల వాళ్లు ఆయన్ని చూసి వాళ్లంతట వాళ్లే పిలిచారు. ఊళ్లో గుడ్డలన్నీ బండికెక్కాయి.

ఆఖర్న దొడ్డమ్మ ఆ మనుషులను తన ఇంటికి రమ్మంది. ప్రవీణ్ వాకిట్లోనే ఉన్నాడు. చర్చి నుంచి వెళ్లిపోయిన తర్వాత అతను తల్లితో మాట్లాడటం అదే మొదటిసారి. ఇంకా ఏముందమ్మా మనింట్లో అని అడిగాడు. దొడ్డమ్మ మంచం కింద ఉన్న ట్రంకుపెట్టె చూపించింది. పెళ్లిచీర అడుగున ఒక గుడ్డముక్క ఉందని, దాన్ని ముట్టుకోకుండా పెట్టెతో సహా తియ్యమని చెప్పింది. అప్పారావు నిప్పులు పోసి చూపించిన మొదటి తానులోంచి కోసి, ఆవిడకు ఇచ్చిన ముక్క అది. ఆయన పోయాక ఆవిడ దగ్గర ఆయన చేతివి మిగిలినవి ఎక్కువేమీ లేవు. ప్రవీణ్ ఏడ్చేశాడు. అది ఒక్కటీ ఉండనీమ్మా, కవరులో పెట్టి ఉంచుకుందాం అన్నాడు. ఊరందరి ఇళ్లలోదీ తీయించి మనింట్లోది ఉంచుకోనా అంది ఆవిడ. మాస్కు వేసుకున్న మనిషి పెట్టెను తడిపి, చీరతో సహా చుట్టి, వాకిట్లోకి తెచ్చాడు. దొడ్డమ్మ దూరంగా అరుగు మీద నుంచి దానితో మాట్లాడింది, పక్కన మనిషితో మాట్లాడినట్టే.

"నువ్వు ప్రేమతోనే తెచ్చేవు. నేనూ ప్రేమతోనే బాదేను. ఇంక వెళ్లు."

బండి మలుపు తిరిగిందాకా చూసింది. అప్పుడు చెంగులోంచి చుట్ట తీసి వెలిగించింది. నాకు ఉండబట్టలేదు. దొడ్డమ్మా, చుట్ట మంచిదని మా పరీక్ష చెప్పలేదు, దాంట్లో అలా రాలేదు అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, పొగ నా మొహాన పడకుండా పక్కకు వదిలింది.

"తెలుసమ్మాయ్. దీని తప్పు దీనికుంది. ఇంకోదాని తప్పు మాత్రం దీని మీద వెయ్యకండి."

ఇప్పుడు నెలకోసారి మందు ఎక్కించుకోవడానికి కాకినాడ వస్తుంది. ప్రవీణ్ తీసుకొస్తాడు, పక్కనే కూర్చుంటాడు. వార్డులో కొత్తగా చేరిన నర్సు ఎవరైనా చుట్ట తాగుతావటగా అమ్మా అని మొదలుపెడితే ఆవిడ ఆయాసపడుతూ నోరు తెరవబోతుంది. ఈమధ్య ఆవిడకు ఆ శ్రమ లేకుండా ప్రవీణే చెప్తున్నాడు. మా అమ్మకు వచ్చింది చుట్ట వల్ల కాదండి, మా నాన్నగారు తెచ్చిన గుడ్డ వల్ల అని, తండ్రి పేరుతో సహా చెప్తున్నాడు.